రంగులు వేసి వెళ్ళాక ఊడ్చేదెవరు?

ప్రభుత్వ బడి గురించి పత్రికల్లో మంచి వార్త ఏదైనా వచ్చిందంటే అది ఈమధ్య దాదాపు ఒకే మూసలో ఉంటోంది. ఫలానా కంపెనీ ఉద్యోగులో, ఫలానా సేవాసంఘం వాళ్ళో, ఫలానా బ్యాచ్ పూర్వ విద్యార్థులో ఒక శనివారం వచ్చి బడి ఆవరణ బాగుచేశారు. ముళ్ళకంపలు కొట్టారు, ప్రహరీకి రంగులు వేశారు, గోడమీద నెమలినీ భారతదేశ పటాన్నీ గీశారు, మొక్కలు నాటారు. ఫోటోలో అందరివీ ఒకే రంగు టీషర్టులు, చేతుల్లో బ్రష్షులు, వెనకాల వరసగా నిలబెట్టిన పిల్లలు. ఆ ఫోటోలో ఎన్నడూ కనిపించని మనిషి ఒకామె ఉంది. రోజూ పొద్దున్నే పిల్లలకన్నా ముందు వచ్చి ఆ ఆవరణంతా ఊడ్చి, మరుగుదొడ్లు కడిగి, తాగే నీళ్ళు పట్టిపెట్టే ఆడమనిషి. ఆమె పక్కన నిలబడి ఈ సేవా కార్యక్రమాలను చూస్తే ఏం కనిపిస్తుందన్నదే నా ప్రశ్న.

బడికి ఎవరైనా రంగు వేస్తే నాకేం అభ్యంతరం లేదు. పెచ్చులూడిన గోడల మధ్య చదువుకునే పిల్లకి తెల్లటి గోడ ఎంత సంతోషమిస్తుందో తెలియనిదేం కాదు. నా తగవు ఆ రంగు కింద కప్పిపెడుతున్న లెక్కతో. ఒకరోజు చేసే పనికి ‘సేవ’ అని పేరు, శాలువా, శిలాఫలకం. మిగిలిన రెండువందల పైచిలుకు పనిదినాలు చేసే పనికి పేరు లేదు, చాలాచోట్ల జీతమూ లేదు. ఈ రెండో పని చేసేవాళ్ళు దాదాపు అందరూ ఆడవాళ్ళే. ఇది యాదృచ్ఛికమని నేను నమ్మను.

నడిగడ్డ స్త్రీల పాటలు సేకరించే పనిమీద ఆలంపూర్ వైపు వెళ్ళి వస్తుంటాను. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ నేల ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోది, 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లాలోది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ జిల్లా అక్షరాస్యత 49.87 శాతం, తెలంగాణ జిల్లాలన్నిటిలోనూ అట్టడుగు. ఆడవాళ్ళది అంతకన్నా తక్కువని వేరే చెప్పక్కర్లేదు. ఆలంపూర్ 2018లో పురపాలక సంఘమైంది, కాగితం మీద పట్టణం. ఇక్కడి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాల గురించి అందరికీ తెలుసు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడే మళ్ళీ నిలబెట్టిన సంగతీ తెలుసు. వెయ్యేళ్ళ నాటి గుడిని విప్పి మళ్ళీ పేర్చగలిగిన ప్రభుత్వానికి బడి మరుగుదొడ్డిలోకి ఒక నీళ్ళ పైపు వేయడం చేతకాని పనంటే నేను ఒప్పుకోను.

ఆ ప్రాంతంలోనే ఒక ఉన్నత పాఠశాలకు ఇలాగే రంగులు పడ్డాయి. నేను వెళ్ళేసరికి బొమ్మలు ఇంకా మెరుస్తున్నాయి. బడి ఊడ్చే అక్కను పలకరించి, బాగుందికదా అన్నాను. ఆమె గోడవైపు చూడనైనా చూడలేదు. “రంగులేసి పోయిండ్రు మేడం, మంచిదే. బోరు కాడికెల్లి బకిట్లు మోసేది ఎవరు? ఆ పొద్దు వచ్చినోళ్ళు తాగి పడేసిన గ్లాసులు ఏరనీకె నాకు రెండు దినాలు పట్టె” అంది. అప్పటికి ఆమెకు చేతికి డబ్బులొచ్చి ఎన్ని నెలలైందో కూడా వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పింది. సేవ చేసినవాళ్ళ చెత్త ఎత్తే పని సేవ కిందికి రాదు. అది ఆమె ‘డ్యూటీ’.

ఇక్కడ భాష గురించి ఒక మాట. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి మాటల దగ్గర ఆగకుండా ఉండలేను. కంపెనీలు బడిని ‘దత్తత’ తీసుకున్నాం అంటాయి. మన సమాజంలో దత్తత ఎప్పుడు తీసుకుంటారు? కన్నవాళ్ళు లేకపోతేనో, కన్నవాళ్ళు ఇచ్చేస్తేనో. మరి ప్రభుత్వ బడిని ఎవరు ఎవరికి ఇచ్చేశారు? 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం తన షెడ్యూల్లో స్పష్టంగానే చెప్పింది: బడికి అన్ని కాలాలకూ తట్టుకునే భవనం, ఆడపిల్లలకూ మగపిల్లలకూ విడివిడిగా మరుగుదొడ్లు, పరిశుభ్రమైన తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ లేదా కంచె ఉండాలి. అప్పటికే ఉన్న బడులకు మూడేళ్ళు గడువిచ్చింది. 2012 అక్టోబరు 3న సుప్రీంకోర్టు కూడా తాగునీరు, మరుగుదొడ్లు ఆరునెలల్లో ఏర్పాటు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. అంటే చట్టమూ కోర్టూ ఇచ్చిన గడువులు రెండూ 2013లోనే ముగిశాయి. గడువు దాటిన బాకీని తీర్చమని అడగాల్సిన చోట మనం చప్పట్లు కొట్టి కృతజ్ఞతలు చెబుతున్నాం. పిల్లల చేత చెప్పిస్తున్నాం. హక్కు అయితే జవాబు అడగొచ్చు. దానమైతే దండం పెట్టాలి. తేడా అంతా ఇక్కడే ఉంది. ఎనిమిదో తరగతి ఆడపిల్ల తనకు రావలసిన మరుగుదొడ్డికోసం ఎవరికో పూలగుచ్ఛం ఇవ్వాల్సి రావడం ఆమె నేర్చుకునే మొదటి పౌరశాస్త్ర పాఠం.

కంపెనీలకు మాత్రం ఇది దానమా? అదీ కాదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం, 2014 ఏప్రిల్ నుంచి, ఒక స్థాయి దాటిన ఆస్తిగానీ అమ్మకాలుగానీ లాభంగానీ ఉన్న కంపెనీలు తమ మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టి తీరాలి. చట్టం పెట్టమన్న ఖర్చుకు దాతృత్వమని పేరెందుకు? పైగా ఆ నిబంధనల్లో ఒక చిన్న మెలిక ఉంది. ఏళ్ళ తరబడి సాగే పథకమైనా సరే, మొదలుపెట్టిన ఆర్థిక సంవత్సరం కాక మరో మూడేళ్ళకు మించకూడదు. భవనానికీ రంగుకూ బెంచీలకూ ఆ కాలం చాలు. కానీ ఊడ్చే మనిషి బడి ఉన్నంతకాలం కావాలి. ఆమె జీతం ఆ పద్దులో ఇమడదు. అందుకే ఆ డబ్బు గోడల మీదికి వెళుతుంది, మనుషుల దగ్గరికి రాదు. ఫలకం వేయడానికి గోడ ఉండాలి. జీతం మీద ఫలకం ఎక్కడ వేస్తారు?

ఇది నా ఊహ కాదు, దేశం మొత్తం మీద ఒకసారి పరీక్షకు పెట్టి చూసిన సంగతి. 2014 ఆగస్టు 15న ఎర్రకోట ప్రసంగంలో ప్రధాని ఏడాదిలోగా ప్రతి బడిలోనూ ఆడపిల్లలకు విడిగా మరుగుదొడ్డి ఉండాలని, అందుకు కార్పొరేట్ రంగం తన సామాజిక బాధ్యత నిధులతో ముందుకు రావాలని పిలుపునిచ్చారు. కేంద్ర ప్రభుత్వ రంగ కంపెనీలు లక్షా ముప్ఫైవేలకు పైగా మరుగుదొడ్లు కట్టామని చెప్పాయి. కాగ్ బృందాలు 15 రాష్ట్రాల్లో 2,695 మరుగుదొడ్లను స్వయంగా వెళ్ళి చూశాయి. 2020 సెప్టెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన ఆ నివేదిక ప్రకారం కట్టినవాటిలో 72 శాతం మరుగుదొడ్లలో నీటి సౌకర్యం లేదు. 55 శాతంలో చేతులు కడుక్కునే వీలు లేదు. రోజుకొకసారైనా శుభ్రం చేయాలన్న నియమం 75 శాతంలో అమలు కాలేదు. కట్టామని చెప్పినవాటిలో కొన్ని అసలు లేనే లేవు. కట్టడానికి కంపెనీలున్నాయి, ప్రారంభించడానికి నాయకులున్నారు. కడగడానికి మనిషిని పెట్టాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఎందుకు తోచలేదు? ఇళ్ళలో కూడా అంతే కదా. ఇల్లు కట్టించినవాడి పేరు గుమ్మం మీద ఉంటుంది. రోజూ ఆ గుమ్మం కడిగినామె పేరు ఎక్కడుంటుంది?

మన రాష్ట్రం సంగతి చూద్దాం. 2022 మార్చి 8న, సరిగ్గా మహిళా దినోత్సవం నాడు, ఆలంపూర్‌కు పొరుగున ఉన్న వనపర్తిలో అప్పటి ముఖ్యమంత్రి ‘మన ఊరు - మన బడి’ ప్రారంభించారు. నగరంలో దానికి ‘మన బస్తీ - మన బడి’ అని పేరు. 26,065 బడులను మూడేళ్ళలో 7,289 కోట్లతో బాగుచేస్తామన్నారు. ప్రభుత్వ నిధులతోపాటు కంపెనీలను, ప్రవాసులను, పూర్వ విద్యార్థులను చేయి కలపమన్నారు. 12 అంశాల జాబితా వేశారు: నీటి వసతితో మరుగుదొడ్లు, కరెంటు, తాగునీరు, ఫర్నిచరు, రంగులు, మరమ్మతులు, ప్రహరీ, వంటషెడ్డు, భోజనశాల ఇలా. మంచి జాబితా. అందులో ఊడ్చే మనిషి లేదు. ఉండకపోవడమే కాదు, అంతకు రెండేళ్ళ ముందు 2020లో, కరోనాకు బడులు మూసినప్పుడు, అప్పటిదాకా అరకొర గౌరవ వేతనంతో పనిచేస్తున్న స్కావెంజర్లను తీసేశారు. పంచాయతీ, మున్సిపల్ సిబ్బంది వచ్చి శుభ్రం చేస్తారన్నారు. ఊరు ఊడ్చడానికే చాలని సిబ్బంది బడికి ఎక్కడినుంచి వస్తారు? టీచర్లు తలా ఇంత వేసుకుని ఎవరినో పెట్టుకున్న బడులున్నాయి. పిల్లల చేతికి చీపురు వచ్చిన బడులున్నాయి. ఏ పిల్లల చేతికి వస్తుందో మనకు తెలుసు. అబ్బాయిలు గంట కొడతారు, అమ్మాయిలు వరండా ఊడుస్తారు.

2023 చివర ప్రభుత్వం మారింది. 2024లో ‘అమ్మ ఆదర్శ పాఠశాల’ కమిటీలు వచ్చాయి. స్వయం సహాయక సంఘాల మహిళా నాయకురాలు అధ్యక్షురాలు, హెడ్మాస్టరు కన్వీనరు. బడి మరమ్మతుల పనులు ఆ కమిటీల చేతికిచ్చారు. అదే ఏడాది బడి పారిశుధ్యానికి పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3 వేల నుంచి 20 వేల రూపాయల దాకా గ్రాంటు ఇస్తామన్నారు. కాంట్రాక్టర్ల చేతినుంచి తప్పించి ఆడవాళ్ళకు పనుల మీద అజమాయిషీ ఇవ్వడం కొంత నయమే. కానీ ఆ మూడు వేలను చూడండి. ముప్ఫైమంది లోపు పిల్లలున్న బడిలో ఒక ఆడమనిషి నెల శ్రమకు, చీపుర్లకూ ఫినాయిలుకూ కలిపి, ఆ మొత్తం. ఆ పథకం పేరులోని ‘అమ్మ’ను కూడా చూడండి. మన భాషలో అమ్మ అనగానే జీతం ప్రస్తావన ఆగిపోతుంది. అమ్మ చేసేది పని కాదు, ప్రేమ. అంగన్‌వాడీ అమ్మ, వంటమ్మ, ఆయమ్మ. గౌరవం పేరులో పెట్టి వేతనం తగ్గించడం మన ప్రభుత్వాలకు బాగా అలవాటైన విద్య.

వంటమ్మ సంగతీ అంతే. మధ్యాహ్న భోజనం వండే స్త్రీకి 2009లో నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు వెయ్యి రూపాయలు. తెలంగాణలో అది 3 వేలు చేస్తామని 2022లో శాసనసభలో చెప్పారు. అంటే పుష్కరకాలం పైగా ఆమె శ్రమ ధర అక్కడే నిలిచిపోయింది. ఆమధ్యకాలంలో ఎన్ని గోడలకు ఎన్నిసార్లు రంగులు మారాయో! బిల్లులు రాక కిరాణా కొట్టులో అప్పుపెట్టి గుడ్లు తెచ్చి పిల్లల పళ్ళాల్లో వేసిన ఆడవాళ్ళే అసలు దాతలు. వాళ్ళకు ఫలకం లేదు.

ఇందులో కులం ఉంది. బడి శుభ్రం చేసే స్త్రీలు ఎక్కువమంది దళిత స్త్రీలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి చేతిలో చీపురు కనిపిస్తే అది వార్త. మాదిగ స్త్రీ చేతిలో అదే చీపురు కనిపిస్తే ఎవరికీ ఏమీ అనిపించదు, ఆమె అలాగే పుట్టిందన్నట్టు చూస్తారు. సేవకుడు సాయంత్రానికి చీపురు పక్కన పెట్టి చేతులు కడుక్కుని కారెక్కగలడు. ఆ ‘పక్కన పెట్టగలగడం’లోనే ఉంది ఆ సేవకున్న గౌరవమంతా. పక్కన పెట్టలేనివాళ్ళకు ఆ గౌరవం దక్కదు.

పాలమూరుకు శ్రమదానం నేర్పడం మరీ విడ్డూరం. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా పాలమూరు కూలీ ఉన్నాడు, ఆమె ఉంది. చంకలో బిడ్డతో మట్టి తట్టలు మోసినవాళ్ళ ఊళ్ళివి. 1997లో ‘జన్మభూమి’ మొదలుపెట్టి అప్పటి ప్రభుత్వం ఊరి పనికి శ్రమదానం చేయమంది. ఎవరి శ్రమను? పూటకూలి లేకపోతే పొయ్యి వెలగనివాళ్ళ శ్రమను. వలసపోయిన వాళ్ళ పిల్లలు చదివే బడికి తల్లిదండ్రులు వచ్చి ఒకరోజు పనిచేయాలని అడిగేవాళ్ళు, ఆ తల్లిదండ్రులు ఏడాదంతా ఎక్కడ పనిచేస్తున్నారో ముందు కనుక్కోవాలి.

కంపెనీలకూ నడిగడ్డ ఆడపిల్లలకూ ఉన్న బంధం గోడ రంగుతో మొదలవలేదు. 1990ల నుంచీ ఈ ప్రాంతం హైబ్రిడ్ పత్తి విత్తనాల నెలవు. పూవు పూవునూ చేత్తో తెరిచి పుప్పొడి అద్దే ‘క్రాసింగ్’ పనికి చిన్న వేళ్ళు కావాలని ఆడపిల్లలను బడి మాన్పించారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల విత్తన క్షేత్రాలపై దావులూరి వెంకటేశ్వర్లు 2000ల తొలి ఏళ్ళలో చేసిన పరిశోధనలు ఆ పని చేస్తున్న పిల్లల్లో అత్యధికులు ఆడపిల్లలేనని చూపాయి. కంపెనీలు రైతుకిచ్చే విత్తన ధర పెద్దవాళ్ళ కూలికి గిట్టుబాటు కానంత తక్కువగా ఉండడమే అందుకు ఒక ముఖ్య కారణమని తేల్చాయి. అప్పటికంటే పిల్లల పని తగ్గిందంటే అది ఎన్నో ఏళ్ళ పోరు ఫలితం. ఇందులో గ్రహించాల్సింది ఒకటే. కంపెనీ ఒక బడికి చేసే మేలు ఆ బడి గోడ దగ్గర తేలదు. అది ఇచ్చే ధర దగ్గర, కట్టే పన్ను దగ్గర, కాంట్రాక్టు మీద పెట్టుకున్న సొంత ఆఫీసు ఊడ్చే స్త్రీకిచ్చే జీతం దగ్గర తేలుతుంది.

“ఏమీ లేనిదానికన్నా ఇదైనా నయం కదా” అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. హెడ్మాస్టర్లు కూడా అంటారు, వాళ్ళ నిస్సహాయత నాకు అర్థమవుతుంది. నిజమే, కొన్ని బడులు బాగుపడ్డాయి. సిరిసిల్ల గీతానగర్ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల కార్పొరేట్ నిధులతో రూపు మారి 2021లో ప్రారంభమైనప్పుడు ఆ ఫోటోలు చూసి అందరం సంతోషించాం. అయితే ఆ ఊరు అప్పటి పరిశ్రమల మంత్రి సొంత నియోజకవర్గం. జాతీయ రహదారి పక్కనే ఆలంపూర్ చౌరస్తా ఉన్నా, పరిశ్రమల మంత్రి లేని ఊరి దగ్గర ఆ కార్లు అంత తేలిగ్గా ఆగవు. హక్కు ప్రతి ఊరికీ వెళ్ళాలి. దయ తనకు నచ్చిన ఊరికి వెళుతుంది. ఒక బడి మెరిస్తే పక్క బడి ‘మాకు దాత దొరకలేదు’ అని సిగ్గుపడే స్థితి వస్తుంది. తప్పు ప్రభుత్వానిదని అనుకోదు, తన అదృష్టమనుకుంటుంది.

సమాజం బడి పెట్టడం మనకు కొత్త కాదు కదా అని ఇంకొకరు అనవచ్చు. కాదు. 1928లో మాడపాటి హనుమంతరావు హైదరాబాదు నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో ఆడపిల్లల బడి పెట్టారు. చందాలతోనే నడిచింది. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన సురవరం ప్రతాపరెడ్డి ఈ నడిగడ్డ బిడ్డే. అక్కడే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆంధ్ర మహిళా సభా జరిగింది. ప్రైవేటు బడి పెట్టడానికే సర్కారు అనుమతి కావలసిన నిజాం రోజులవి. ఆ చందాలు సర్కారును నిలదీశాయి: మా భాషలో చదువు ఎందుకు చెప్పవు, మా ఆడపిల్లలకు బడి ఎందుకు పెట్టవు అని. ఆనాటి స్వచ్ఛంద కృషి ప్రశ్నను పుట్టించింది. నేటిది ప్రశ్నకు సున్నం కొడుతోంది.

కనుక అడగాల్సినవి తేలికగానే ఉన్నాయి. బడి శుభ్రం చేసే పనిని మంజూరైన పోస్టుగా గుర్తించి కనీస వేతనంతో, నెలనెలా, ప్రభుత్వమే ఇవ్వాలి. మరుగుదొడ్డి కట్టిన ప్రతి పద్దులోనూ నీళ్ళకూ నిర్వహణకూ ముందే నిధి చూపించాలి. చూపించలేకపోతే కట్టినట్టు లెక్క రాయకూడదు. విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో సగం మంది స్త్రీలుండాలంది. ఏ కంపెనీ వచ్చినా ఏం చేయాలో ముందు ఆ తల్లులూ, ఊడ్చే స్త్రీ, వండే స్త్రీ, పై తరగతుల ఆడపిల్లలూ చెప్పాలి. వాళ్ళను అడిగితే నెమలి బొమ్మ అడగరు. తలుపుకు లోపలి గడియ అడుగుతారు. కుళాయి అడుగుతారు. నెలసరి రోజుల్లో వాడిన గుడ్డ పారేసే చోటు అడుగుతారు. సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా బిగబట్టుకోనవసరం లేని ఒక రోజు అడుగుతారు.

మనలో చాలామందిమి కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల్లో పనిచేస్తున్నాం. జాతీయ సేవా పథకం పేరుతో మన విద్యార్థులనూ ఇలాంటి బడులకు తీసుకెళుతూనే ఉంటాం. ఈసారి వెళ్ళినప్పుడు బ్రష్షులతోపాటు ఒక నోటుపుస్తకం కూడా తీసుకెళ్ళమనండి. ఈ బడి ఎవరు ఊడుస్తున్నారు, ఆమెకు ఎంత ఇస్తున్నారు, ఆఖరిసారి ఎప్పుడు ఇచ్చారు అన్న మూడు ప్రశ్నలు అడిగి రాసుకుని, ఆ కాగితం జిల్లా విద్యాధికారికి ఇచ్చి, రసీదు తీసుకుని రమ్మనండి.